విశాఖ చేపలరేవు

విశాఖపట్టణమును చూడవచ్చువారు మొట్టమొదట పోవునది రామకృష్ణా బీచికే. చెంతనే రామకృష్ణ మిషన్ ఆశ్రమ ముండుటచే ఆ తీరమున కా పేరు కలిగినది. సాయంకాలమగుసరికి ఇసుకతిన్నెలు జనులతో నిండిపోవును. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మువారు ఆ గుంపుల నడుమ తిరుగుచుందురు. 1969లో నౌకాదళమున చేరి 2001 వరకు పనిచేసిన ‘కురుసుర’ అను జలాంతర్గామి 2002 నుండి ఒడ్డుననే ప్రదర్శనశాలయై నిలిచియున్నది. దాని లోపలి ఇరుకును చూచిన బాలురు ఆశ్చర్యపడక మానరు. కడలి మాత్రము కంటికి తోచినంత సౌమ్యమైనది కాదు. వెనుకకు మరలు కెరటము కాళ్ళక్రింది ఇసుకను లాగివేయును. స్నానమునకు దిగి ప్రాణములు కోల్పోయినవారు కలరు.

ఈ బీచికి దక్షిణముగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండను డాల్ఫిన్ నోస్ అందురు. ఆ కొండకును బీచికిని నడుమ చేపలరేవు కలదు. బీచికి వచ్చిన వేలమందిలో ఇచ్చటికి వచ్చువారు మిక్కిలి తక్కువ. దీనిని చూడవలెనన్నచో తెల్లవారక మునుపే లేవవలెను. చేపల వాసనకు ఓర్చుకొనవలెను.

తూర్పు తెల్లబారుచుండగా మరపడవలు ఒకటొకటిగా రేవు చేరును. అవి పది పదునైదు దినములు నడిసముద్రమున ఉండి వచ్చినవి. ఒక్కొక్క పడవలో సరంగును, ఏడెనిమిదిమంది కళాసీలును ఉందురు. వారికి జీతముకన్న పట్టిన చేపలలో వాటాయే ముఖ్యము. వల ఖాళీగా వచ్చిన వారి చేతులును ఖాళీయే. పడవ అడుగున మంచులో దాచిన సరకును గంపలతో పైకి తీసి గట్టుపై పోయుదురు. రొయ్యలు, వంజరములు, చందువలు, కానాగంతలు, సూరలు వేరువేరు కుప్పలగును. వెంటనే వేలముపాట మొదలగును. కొత్తవానికి ఆ కేకలలో ఒక్క ముక్కయు బోధపడదు. పాట ముగిసి కుప్ప చేతులు మారిన పిమ్మట గాని ధర నిశ్చయమైనట్లు తెలియదు. మేలైన రొయ్యలు విదేశములకు పోవును. మిగిలినవానిలో చాలభాగము కొనువారు స్త్రీలు. గంపలతో వీధివీధి తిరిగి, ప్రొద్దు గ్రుంకకమునుపే సరకును సొమ్ము చేసికొనవలసినవారు వీరే. అప్పు తెచ్చి కొనినవారికి ఆ తొందర మరియు హెచ్చు.

రేవు విలువ తెలియవలెనన్న తూర్పుతీరపు స్వభావమును తెలిసికొనవలెను. ఈ తీరమున పడవలు తలదాచుకొనదగిన చోట్లు అరుదు. ఒడ్డున కెరటములు విరుగుచుండును. ఇసుక నీటివెంట కదలి రేవుల నోళ్ళను పూడ్చుచుండును. పూర్వము ఓడలు దూరముననే లంగరు వేసెడివి. సరకులు మసూలా పడవలలో ఒడ్డు చేరెడివి. జాలరులు నాలుగైదు దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్పపై కెరటములను దాటి పోయెడివారు. 1933లో ఓడరేవు తెరవబడినది. దాని ముఖద్వారమును కెరటములనుండి కాపాడుటకై జానస్, వెలెడ్సన్ అను రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేసిరి. కెరటములనుండి ఓడలను కాపాడుటకు ఓడలనే ముంచవలసివచ్చుట విచిత్రము కాదు. నిర్మాతల ధైర్యమునకు అది గుర్తు. చేపలరేవు 1976లో ఏర్పడినది.

ఇట్టి రేవు లేనివారి కష్టము వేరు. శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నను పెద్ద మరపడవలు నిలుచు రేవు చిరకాలము లేకపోయినది. అందుచే అచ్చటి యువకు లనేకులు గుజరాతులోని వెరావలుకు పోయి, పరుల పడవలలో కూలికి పనిచేయుచు వచ్చిరి. 2018 నవంబరులో అట్టివారిని కొందరిని పాకిస్తాను అధికారులు సముద్రముపై పట్టుకొనిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై ఇండ్లు చేరిరి.

రేవున్నంత మాత్రమున ఆపద లేకపోదు. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను విశాఖను తాకినది. 2023 నవంబరు 19 రాత్రి రేవులో నిప్పంటుకొనెను. పడవలు ఒకదానినొకటి ఒరసికొని కట్టియుండెను. వానిలో డీజిలును, వంటకై ఉంచిన గ్యాసు సిలిండర్లును ఉండెను. సుమారు 40 పడవలు మంటల పాలయ్యెను. పడవ యొక్కటి కాలినచో యజమానియే గాక వాటాపై బ్రదుకు కళాసీల కుటుంబములన్నియు ఉపాధి కోల్పోవును.

వేసవి సెలవులలో వచ్చు యాత్రికునకు రేవు నిద్రించుచున్నట్లు తోచును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదని నిబంధన. ఆ దినములలో పడవలకు రంగులు వేయుదురు, యంత్రములు విప్పి బాగుచేయుదురు, నీడపట్టున కూర్చుండి వలలు అల్లుదురు. చూపునకు తీరికవలె నుండును గాని, రాబడి లేని ఇంటిలో ఆ రెండు నెలలు ఎంత పొడవో గృహిణికే తెలియును. గడువు ముగియవచ్చుసరికి రేవు మరల మేల్కొనును. మంచుదిమ్మలు, డీజిలు, బియ్యము, మంచినీరు పడవలకెక్కును. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు నీట చల్లి, కళాసీలు త్రాళ్ళు విప్పుదురు. మరపడవలు వరుసగా డాల్ఫిన్ నోస్ ప్రక్కనుండి బయటి సముద్రములోనికి సాగిపోవును.