పండుగ బేరము: కంప్యూటరు, టాబ్లెటు, ఫోను కొనువారికి కొన్ని లెక్కలు

దసరా మొదలు సంక్రాంతి వరకు గల మాసములు మన బంగారు గనుల ప్రాంతమున పండుగల కాలము. దసరా, దీపావళి, క్రిస్మసు, సంక్రాంతి ఒకదాని వెంట నొకటి వచ్చును. ఈ దినములలో రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో క్రొత్త బట్టలకును, పిండివంటల సరకులకును జనము గుమిగూడుట పూర్వమునుండి యున్నదే. ఇటీవల దానికి మరియొక కొనుగోలు తోడైనది. కంప్యూటరులు, టాబ్లెటులు, ఫోనులు తగ్గింపు ధరలకు లభించునను ప్రకటనలు పత్రికలలోను, అంగళ్ల ముందరను, చేతిలోని ఫోనులోను కనబడుచున్నవి. బెంగళూరులో 2007లో ప్రారంభమైన ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2014 అక్టోబరు 6న ఒక్కనాటి మహా విక్రయమును జరపెను. అటుపిమ్మట పండుగలకు ముందు ఇట్టి విక్రయములు జరుపుట దేశమంతట ఆనవాయితీ యైనది.

ఈ వస్తువులు మనకు దూరపువి కావు. మన కోలారు జిల్లాలోని నరసాపుర పారిశ్రామిక వాడలో ఐఫోనులను కూర్చు కర్మాగారము కలదు. దానిని మొదట విస్ట్రాన్ సంస్థ నడపెను. 2023లో టాటా ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించినది. అయినను తయారగు చోటు చేరువైనంత మాత్రమున వస్తువు వెల తగ్గదు. కొనువాని వివేకమే వెలను తగ్గించును.

ఈ విషయమును పాఠముగా చెప్పుకొనుటకు మన ఊరిలో ప్రత్యేక కారణము కలదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట అనేక కుటుంబములు బెంగళూరులోని పనులపై ఆధారపడినవి. మారికుప్పమున వేకువ రైలెక్కి రాత్రి ఇల్లు చేరువారికి ఒక మంచి ఫోను వెల నెల జీతమంత కావచ్చును. 2020, 2021 సంవత్సరములలో కోవిడు వలన బడులు మూతపడినప్పుడు ఇంటనున్న ఒక్క ఫోనుకై ఇద్దరు ముగ్గురు పిల్లలు వేచియుండుటయు మనము చూచితిమి. ఇట్టి వస్తువును తొందరపడి కొనినచో నష్టపడునది పిల్లల చదువే.

పాఠము సులభమగుటకు ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి రోజూ బెంగళూరు పోయి పనిచేయును. కుమార్తె ప్రథమ పి.యు.సి.లో కంప్యూటరు సైన్సు చదువుచున్నది. కుమారుడు ఎనిమిదవ తరగతిలో నున్నాడు. ఏడాదిపాటు కూడబెట్టిన 20,000 రూపాయలు చేతిలో నున్నవి. పిల్లలిద్దరికిని అక్కరకు వచ్చు వస్తువొకటి కావలెను. వారేమి కొనవలెను?

మొదట అవసరము

గనిలో పనిచేసిన మన పెద్దలు రాతి మెరుపును చూచి బంగారమని నమ్మలేదు. నమూనాను పరీక్షాశాలకు పంపి, టన్ను రాతికి ఎన్ని గ్రాముల బంగారము కలదో తేల్చుకొనిన పిదపనే ఆ రాయి తవ్వదగునో కాదో నిర్ణయించిరి. మనమును అట్లే మెరుపును ప్రక్కకు పెట్టి, ఈ వస్తువుతో ఏ పని జరుగవలెనని ప్రశ్నించుకొనవలెను.

మాటలాడుటకు, చిత్రములు తీయుటకు, డబ్బు చెల్లించుటకు ఫోను చాలును. పాఠ్యపుస్తకములు చదువుటకును, పాఠములు చూచుటకును టాబ్లెటు పెద్ద తెర కన్నులకు హాయి. కాని ప్రోగ్రాములు వ్రాయుటకు, దీర్ఘవ్యాసములు సిద్ధపరచుటకు, పట్టికలలో లెక్కలు చేయుటకు కీబోర్డు గల కంప్యూటరే తగినది. చూచుటకు మాత్రమే యుపకరించు వస్తువు వేరు, చేయుటకు యుపకరించు వస్తువు వేరు. ఈ భేదమును ఇంటివారందరు కూర్చుండి ముందుగా తేల్చుకొనవలెను.

తరువాత రెండు మాటల అర్థము తెలియవలెను. ర్యాము అనగా మనము పని చేసుకొను బల్ల వంటిది. స్టోరేజి అనగా వస్తువులు దాచుకొను బీరువా వంటిది. బీరువా ఎంత పెద్దదైనను బల్ల చిన్నదైనచో పని సాగదు. నేడు విద్యార్థి కంప్యూటరునకు 8 జీబీల ర్యాము ఉండుట మేలు. తిరుగు పళ్లెముల హార్డుడిస్కు కంటె ఎస్.ఎస్.డి. యున్నది వేగముగా పనిచేయును. పెట్టెమీద 512 జీబీలని యున్నను కొన్ని కంప్యూటరులు సుమారు 477 అనియే చూపును. ఇది మోసము కాదు. తయారీదారు జీబీని వందకోట్ల బైటులుగా లెక్కించును. ఆ కంప్యూటరు 1,07,37,41,824 బైటులుగా లెక్కించును. భాగహారము చేసి చూడుడు.

తగ్గింపు లెక్క

ప్రకటనలో ఒక పెద్ద అంకెను కొట్టివేసి దాని క్రింద చిన్న అంకెను వేయుదురు. కొట్టివేసిన అంకె సాధారణముగా పెట్టెమీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర. అన్ని పన్నులును అందు చేరియే యుండును. అంతకు మించి అమ్మరాదని చట్టము చెప్పును గాని, అంతకు అమ్మవలెనని చెప్పదు. పండుగకు ముందే ఆ వస్తువు తక్కువ ధరకు దొరకుచుండవచ్చును. కావున నిజమైన తగ్గింపు తెలియుటకు ఒక్కటే మార్గము: కొనదలచిన వస్తువు ధరను పండుగకు నెలముందే నోటుపుస్తకములో వ్రాసికొని, పండుగనాటి ధరతో పోల్చవలెను.

రెండు తగ్గింపులను కూడరాదు. 15,000 రూపాయల వస్తువుపై మొదట 20 శాతము, పిదప 10 శాతము తగ్గించిరనుకొందము. మొదటి తగ్గింపుతో 12,000 అగును. రెండవ దానితో 10,800 అగును. తగ్గినది 4,200, అనగా 28 శాతమే గాని 30 శాతము కాదు. మరియు 'బ్యాంకు కార్డుపై 10 శాతము, గరిష్ఠము 1,500 రూపాయలు' అని యున్నచో 20,000 రూపాయల వస్తువుపై లభించునది 7.5 శాతమే.

2025 సెప్టెంబరు 22 నుండి వస్తు సేవల పన్ను తగ్గినందున అన్నియు చౌకయైనవని కొందరు తలచిరి. పెద్ద టెలివిజనులు, ఏ.సి. యంత్రములు మున్నగువానిపై పన్ను 28 నుండి 18 శాతమునకు తగ్గిన మాట నిజమే. ఫోనులును, ల్యాపుటాపులును అంతకు ముందే 18 శాతము క్రింద నుండెను; వానిపై ఆ నాడు మార్పు లేదు.

వాయిదాల లెక్క

మన కుటుంబమునకు అంగడివాడు 'నో కాస్ట్ ఈ.ఎం.ఐ.', అనగా వడ్డీలేని వాయిదాలు, చూపెననుకొందము. ఫోను వెల 20,000 రూపాయలు. నెలకు 2,000 చొప్పున పది వాయిదాలు. రొక్కమిచ్చినచో 1,000 తగ్గించి 19,000కే ఇచ్చును. వాయిదాలకు మొదట 200 రూపాయల రుసుమును, దానిపై 18 శాతము పన్ను 36 రూపాయలును కట్టవలెను. అనగా వాయిదాలవానికి అగు ఖర్చు 20,236. రొక్కమువానికి అగునది 19,000. భేదము 1,236 రూపాయలు. ఇది చిన్న మొత్తమని తలపరాదు. అప్పు నెలనెలకు తరుగుచుండును గనుక, సరిగా లెక్కించినచో ఇది సాలుకు సుమారు 14 శాతము వడ్డీతో సమానము. వడ్డీ యనుమాట మాయమైనది గాని వడ్డీ మాయము కాలేదు.

ఇది మా కల్పన కాదు. భారత రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు పంపిన ఉత్తరువులో సున్న శాతము వడ్డీ యనునది లేనే లేదని స్పష్టపరచినది. 'అప్పు చేసి పప్పుకూడు' అను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. చదువునకు తప్పనిసరియై, రొక్కము చాలనప్పుడు వాయిదాలలో కొనుట తప్పు కాదు. కాని మొత్తము చెల్లింపును కాగితముపై కూడిన పిదపనే సంతకము చేయవలెను.

వస్తువు పరీక్ష

బంగారు నగపై హాల్‌మార్కు చూచి కొనుట మన స్త్రీలకు తెలిసిన పని. ఆ ముద్రను నడుపు భారతీయ ప్రమాణముల సంస్థయే ఫోనులకును, ల్యాపుటాపులకును, టాబ్లెటులకును, ఛార్జరులకును నమోదు సంఖ్య నిచ్చును. ఆంగ్లములో 'ఆర్' అను అక్షరము, దాని వెంట ఎనిమిది అంకెలు ఉండును. ఆ సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను వేసి సరిచూడవచ్చును. ఛార్జరు విషయములో దీనిని మరువరాదు. నాసి ఛార్జరు అగ్నిప్రమాదమునకు దారితీయును.

ఫోనులో స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ అను గుర్తులను వరుసగా నొక్కినచో 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనబడును. అది పెట్టెమీదను, బిల్లులోను ఉన్న సంఖ్యతో సరిపోవలెను. భద్రతా సవరణలు ఇంకెన్ని యేండ్లు వచ్చునో కూడ అడుగవలెను. చౌకయైన పాత రకము ఫోను రెండేండ్లకే నిరుపయోగమగు ప్రమాదము కలదు.

మన ఊరి పిల్లలకు మరియొక పరీక్ష అవసరము. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బడిలో కన్నడము, ఆంగ్లము మనకు నిత్యకృత్యములు. ఇరువది రెండు భారతీయ భాషల లిపులు ఫోనులో చదువుటకు వీలుగా నుండవలెనని ఐ.ఎస్. 16333 మూడవ భాగమను ప్రమాణము చెప్పుచున్నది. అంగడిలోనే తెలుగు కీబోర్డు తెరిపించి 'స్వాతంత్ర్యము', 'వైశిష్ట్యము' అను పదములు వ్రాసి చూడుడు. ఒత్తులు చెదరక నిలిచినచో ఆ వస్తువులో మన భాషకు చోటున్నట్లే.

పాత వస్తువు కొనునప్పుడు

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో బాగుచేసిన పాత ల్యాపుటాపులు దొరకును. వానిని చులకనగా చూడరాదు. అయితే ఒక తేదీని గుర్తుంచుకొనవలెను. విండోసు 10కి మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11కు టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగమును, ఆ సంస్థ అంగీకరించిన ప్రాసెసరును కావలెను. ఇంటెల్‌లో సాధారణముగా ఎనిమిదవ తరము మొదలు అట్టివి లభించును. అంతకంటె పాతదైనచో ఉచితముగా లభించు లినక్సుతో నడపవచ్చును; అప్పుడు ధరయు తదనుగుణముగా తగ్గవలెను.

పాత ఫోను కొనునప్పుడు, ఆంగ్లాక్షరములలో కె.వై.ఎం. అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపవలెను. అది దొంగసొత్తుగా నిరోధింపబడినదో లేదో తెలియును. బిల్లు లేని పాత ఫోనును ముట్టకుండుటయే మంచిది.

నష్టము కలిగినచో

'మరి రెండు గంటలే', 'ఇంక మూడే మిగిలినవి' అని ప్రకటనలు మనలను తరుమును. ఆలస్యము అమృతమును విషము చేయునని అంగడివారు మనకు బోధింతురు. అట్టివేళ నిదానమే ప్రధానమని మనము బదులు చెప్పవలెను. తెలియనివారు పంపిన లింకును తెరువరాదు, ఓ.టి.పి. ఎవ్వరికిని చెప్పరాదు. డబ్బు మోసపోయినచో తక్షణమే 1930కి ఫోను చేయవలెను.

తపాలాలో వచ్చిన పెట్టెను తెరచునప్పుడు వీడియో తీసి యుంచుకొనుడు. బిల్లును భద్రపరచుడు. వస్తువు లోపభూయిష్టమైనచో మొదట అమ్మినవారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆన్‌లైను సంస్థలు 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెనని 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అట్లు జరుగనిచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, అమ్మినవాడు ఏ ఊరివాడైనను, కొనువాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. మనము కోలారులోనే న్యాయము కోరవచ్చునన్నమాట.

ముగింపు

ఇక మన కుటుంబమును తలచుకొందము. వారికి వాయిదాలపై వచ్చు మెరుపు ఫోను కావలెనా? కుమార్తెకు ప్రోగ్రాములు వ్రాయు పని కలదు. కుమారునకు పాఠములు చూచు పని కలదు. రెండును జరుగునది ఒక ల్యాపుటాపుతోనే. కావున 20,000కు లోబడి, 8 జీబీల ర్యాము, ఎస్.ఎస్.డి. కలిగి, విండోసు 11కు తగినదై, బిల్లుతోను, వారంటీతోను వచ్చు బాగుచేసిన ల్యాపుటాపును వెదకుట వారికి శ్రేయస్కరమని మా అభిప్రాయము. అది పండుగనాడు దొరకనిచో పండుగ దాటిన పిదప కొనవచ్చును. పండుగ ప్రతి సంవత్సరము వచ్చును. కూడబెట్టిన ధనము అట్లు రాదు.

మూతపడిన గనులను చూచి మనము విచారింతుము. కాని గనివారు మనకు విడిచిన గుణమొకటి మూతపడలేదు. అది తూచి, పరీక్షించి, పిదప నమ్ముట. పండుగ అంగడిలో నిలిచినప్పుడు ఆ గుణమే మనకు గీటురాయి.

అభ్యాసము

1. 24,000 రూపాయల టాబ్లెటుపై మొదట 15 శాతము, పిదప 5 శాతము తగ్గించిరి. చెల్లింపవలసిన దెంత? మొత్తము తగ్గింపు ఎంత శాతము?

2. 256 జీబీలని ముద్రించిన స్టోరేజిని కంప్యూటరు సుమారు 238 అని చూపుటకు కారణమేమి? లెక్కతో చూపుడు.

3. మీ యింటిలో ఫోనుకు గాని, కంప్యూటరునకు గాని వాయిదాలు చెల్లించుచున్నచో, పెద్దల నడిగి మొత్తము చెల్లింపును కూడి, రొక్కపు ధరతో పోల్చుడు.