ఊసరవెల్లి కాళ్ళు – రోగనిర్ధారణ

మాట మార్చేవానిని ఊసరవెల్లితో పోల్చడం మనకు పరిపాటి. ఆ పోలికలో రంగే తప్ప, ఆ ప్రాణికి ఆధారమైన కాళ్ళు కనిపించవు. దాని ప్రతి పాదంలోనూ ఐదు వేళ్ళు రెండు జట్లుగా విడివడి, పట్టకారువలె కొమ్మను బిగించి పట్టుకుంటాయి. ముందుపాదాలలో లోపలివైపు మూడు, వెలుపల రెండు. వెనుకపాదాలలో ఇది తారుమారు.

పంజరంలోని ఊసరవెల్లి పట్టు తప్పి జారుతున్నా, కాళ్ళు వంకరపోయినా, దవడ మెత్తబడినా మొదట అనుమానించవలసింది ఎముకల బలహీనతను. కాల్షియం లోపమే దీనికి ముఖ్య కారణం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే చర్మంలో డి విటమిన్ తయారవుతుంది. అది కొరవడితే తిన్న కాల్షియం ఒంటబట్టదు. ఒక కాలు మాత్రమే వాచి వ్రేలాడితే ఎముక విరిగి ఉండవచ్చు. కీళ్ళు ఉబ్బితే యూరిక్ ఆమ్లం పేరుకొనడమో, చీము పట్టడమో కారణం కావచ్చు. ఎక్స్‌రే, రక్తపరీక్షలతో పశువైద్యుడు నిర్ధారించాలి. కొమ్మనుండి బలవంతంగా లాగితే బలహీనమైన కాలు విరుగుతుంది.

అయితే మన దేశపు ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది; పట్టి పెంచడం నేరం. కరీంనగర్ చేలగట్లపైనైనా, ఆదిలాబాదు అడవులలోనైనా కుంటుతున్న ఊసరవెల్లి కనిపిస్తే రాళ్ళు రువ్వక, ఇంటికి తేక, అటవీశాఖకు తెలియజేయాలి. నోరులేని జీవి బాధను దాని నడకలో చదవగలగడమే నిజమైన విద్య.

ప్రశ్నలు
1. ఊసరవెల్లి పాదనిర్మాణాన్ని వర్ణించండి.
2. ఎముకల బలహీనతకు కారణాలేవి?
3. గాయపడిన ఊసరవెల్లి పట్ల మన కర్తవ్యమేమి?