దగ్గు మందు సీసా: తెలిసికొనవలసిన సంగతులు

ఇంటిలో ఎవరికి దగ్గు వచ్చినను అలమారలోని సీసా తీసి, మూతతో కొలిచి త్రాగించుట మనకు అలవాటైనది. నా వద్దకు వచ్చువారిని నేను మొదట అడుగునది, "దగ్గు పొడిదా, కఫముతో కూడినదా?" అని. చికిత్స అంతయు ఈ జవాబుపై ఆధారపడి యుండును.

శ్వాసమార్గమున చేరిన కఫమును, ధూళిని బయటకు నెట్టుటకు శరీరము చేయు యత్నమే దగ్గు. ఆయుర్వేదము దీనిని కాసమని పేర్కొని వాతజ, పిత్తజ, కఫజ, క్షతజ, క్షయజములని ఐదు విధములుగా విభజించినది.

సిరప్‌లు కూడ అన్నియు ఒక్కటి కావు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మెదడులోని దగ్గు కేంద్రమును అణచును. ఇది పొడిదగ్గునకు ఉద్దేశించినది. కఫపు దగ్గునకు ఇచ్చినచో కఫము లోపలనే నిలిచిపోవును. బ్రోమ్‌హెక్సిన్ కఫమును పలుచన చేయును. మన అడ్డసరపు ఆకులోని వాసిసిన్‌ను ఆధారముగా గైకొనియే దీనిని రూపొందించిరి.

పిల్లల విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతమున డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసిన సిరప్ త్రాగి, మూత్రపిండములు చెడి ఇరువదిమందికి పైగా పిల్లలు మరణించిరి. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదనియు, ఐదేండ్లలోపువారికి సాధారణముగా తగవనియు సూచించినది. సిరప్ త్రాగిన బిడ్డకు మూత్రము తగ్గినను, వాంతులైనను, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

సామాన్యమైన దగ్గు చాలవరకు తనంత తానే తగ్గును. గొంతునొప్పికి గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించుట మేలు. రాత్రి పడుకొనుటకు ముందు చెంచాడు తేనె ఉపశమనమిచ్చును. ఏడాది నిండని శిశువులకు మాత్రము తేనె నాకించరాదు.

పెద్దలకు సితోపలాది చూర్ణము మంచిది. పటికబెల్లము 16 భాగములు, వంశలోచనము 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1 భాగము చొప్పున చూర్ణించి తేనెతో సేవింతురు. ఇందు సగమునకు పైగా పటికబెల్లమే గనుక మధుమేహులు వైద్యుని సలహా లేక వాడరాదు.

దగ్గు రెండు వారములు దాటినను, కఫములో రక్తము కనబడినను, ఆయాసము తోడైనను ఇంటివైద్యముతో కాలము గడపక పరీక్ష చేయించుకొనవలెను. క్షయ తొలుత దగ్గువలెనే కనబడును.