దూరప్రయాణపు మోటారుసైకిలు – దాని స్పీకరులు

విద్యార్థులారా! భౌతికశాస్త్రమున మనము చదువు ఓము సూత్రమును, శబ్దప్రకరణమును పరీక్షలతో ముగిసిపోవునవి కావు. అవి బాటపైఁ బోవు బండిమీఁదఁ గూడ మనకు ఎదురగుచుండును. అట్టి యుదాహరణము నొకదాని నిచ్చట విచారింతము.

అమెరికాలో దూరప్రయాణములకై ప్రత్యేకముగా నిర్మింపఁబడిన మోటారుసైకిళ్లు విశేషముగా వాడుకలో నున్నవి. హార్లీ-డేవిడ్‌సన్ వారి ఎలక్ట్రా గ్లైడ్, 1975లో హోండావారు వెలువరించిన గోల్డ్ వింగ్ అనునవి వీనిలోఁ బేరెన్నికఁ గన్నవి. ఇట్టి బండ్లకు ముందు గాలిని మరలించు పెద్ద తొడుగు, వెనుక సామాను పెట్టెలు నుండును. పాటలు వినిపించు స్పీకరులు సాధారణముగా ఆ తొడుగులోనే యుండును. బండి నిలిచియున్నప్పుడు పాట చక్కఁగా వినఁబడును. వేగము హెచ్చినకొలఁది గాలిహోరులో మునిఁగిపోవును. అప్పుడు యజమానికిఁ బెద్ద స్పీకరులు కొనవలెనని తోఁచును. కొనుటకు ముందు స్పీకరు పనిచేయు విధమును దెలిసికొనుట మేలు.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకుఁ జెందిన రైస్, కెల్లాగ్ అను నిరువురు ప్రకటించిన పద్ధతియే నేఁటి స్పీకరులకు మూలము. అయస్కాంతపు సందున సన్నని తీఁగచుట్ట యొకటి వ్రేలాడుచుండును. దానికి గరాటు ఆకారముగల పలుచని పొర యంటియుండును. పాట ననుసరించి మాఱు విద్యుత్తు చుట్టలోఁ బాఱఁగానే చుట్టయు, దానితోఁ బొరయు ముందువెనుకలకుఁ గదలును. ఆ కదలికచే గాలి యొత్తఁబడియు, పలుచనయియు శబ్దతరంగములు పుట్టును.

ఇందొక సూక్ష్మము కలదు. పొర ముందు గాలి యొత్తఁబడునప్పుడు వెనుక గాలి పలుచనగును. ఈ రెండును గలిసినచో ఒకదాని నొకటి చంపుకొనును, మంద్రస్వరములు మాయమగును. కావున స్పీకరు అంచునకును తొడుగునకును నడుమ సందు లేకుండ బిగింపవలెను. రెండు స్పీకరులలో నొకదానికి తీఁగలు తారుమాఱుగాఁ గలిపినను ఇదే నష్టము కలుగును. క్రొత్త స్పీకరులు పాతవానికంటె నీరసముగా నున్నవని చింతించువారు మొట్టమొదటఁ జూడవలసినది యీ రెండు సంగతులనే.

ఇఁక శక్తిమాట. అట్టపెట్టెపై 200 వాట్లని యుండుటచే శబ్దము పెరుగదు. ఆ యంకె స్పీకరు ఓర్చుకొనఁగల శక్తియే కాని పుట్టించు శక్తి కాదు. బండిలోని బ్యాటరీ 12 వోల్టులది. దానినుండి సామాన్యపు ఆంప్లిఫయరు మంచి పద్ధతిని నడిచినను స్పీకరునకు 12 వోల్టుల శిఖరము నీయఁగలదు. ఆ విద్యుత్తు ఊఁగుచుండునది గనుక దాని ఫలవోల్టేజి సుమారు 8.5 మాత్రమే. దాని వర్గము 72; 4 ఓముల నిరోధముచే భాగింపఁగా 18 వాట్లు వచ్చును. 2 ఓముల స్పీకరు పెట్టినచో 36 వాట్లగును గాని కరెంటు రెండింతలగును. అందులకుఁ దగని ఆంప్లిఫయరు వేఁడెక్కి చెడిపోవును.

కావున వాట్లకంటె ముఖ్యమైన యంకె మఱియొకటి కలదు. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరమున స్పీకరు ఎన్ని డెసిబెలుల శబ్దము చేయునో దానిని జూడవలెను. శక్తి రెండింతలైనచో పెరుగునది 3 డెసిబెలులే. కాఁబట్టి 87 డెసిబెలుల స్పీకరు 72 వాట్లతోఁ జేయు పనిని 93 డెసిబెలుల స్పీకరు 18 వాట్లతోనే చేయును. వాననీటికి నానని పొర గలదానిని ఎన్నుకొనుటయు నవసరము.

ఇంకను చాలదని పెద్ద ఆంప్లిఫయరు పెట్టువారు బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు నుంచవలెను. మే మెఱిఁగిన యొక పెద్దమనిషి అమెరికాలో నుద్యోగము చేయుచు, తన బండికిఁ దానే యీ పని చేసికొనెను. ఫ్యూజు మాత్రము మఱచెను. హ్యాండిలు త్రిప్పినప్పుడెల్ల తీఁగ ఇనుమునకు రాచుకొని, పైతొడుగు అరిగి, ఒకనాఁడు పొగ లేచెను. అదృష్టవశమున బండి యింటిముంగిటనే యుండెను. ఆయన దానిని సరిచేసికొని, మఱల పాటను గాలిహోరునకు మించునట్లు పెంచెను. కొన్ని నెలలకు రాత్రివేళల చెవులలో గీయుమను ధ్వని వినవచ్చెను. కూఁతురు ప్రక్కగదినుండి పిలిచిన పిలుపు తనకు వినఁబడలేదని ఆయన మాతోఁ జెప్పునప్పుడు ఆయన కంఠము తగ్గిపోయెను.

దీనికిఁ గారణము లెక్కలోనే యున్నది. రహదారివేగమున శిరస్త్రాణములోని గాలిహోరే 90 డెసిబెలులు దాఁటును. అమెరికాలో వృత్తిరక్షణ పరిశోధనకై యేర్పడిన ప్రభుత్వసంస్థ 1998లో ఇచ్చిన సూచన ప్రకారము 85 డెసిబెలుల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెలులకు ఆ కాలము సగమగును. ఈ లెక్కను 94కు ఒక గంట, 100కు 15 నిమిషములు మాత్రమే. హోరును జయింపఁబూనిన పాట ఇంకెంత బిగ్గరగా నుండవలెనో మీరే యూహింపుఁడు. లోచెవిలోని సున్నితమైన రోమకణములు ఒకసారి నశించినచో మఱల మొలవవు. అంతేకాక, వెనుకనుండి వచ్చు అంబులెన్సు కూఁత వినఁబడకపోవుటయు నపాయమే.

కాఁబట్టి క్రమము తలక్రిందుగాఁ బెట్టవలెను. మొదట గాలిహోరును తగ్గింపవలెను: ముందరి అద్దము ఎత్తును సరిచేయుట, తలకు సరిపోవు శిరస్త్రాణమును ధరించుట, వేగమును తగ్గించుట, చట్టము అనుమతించుచోట చెవిబిరడాలు పెట్టుకొనుట. పిదప స్పీకరు బిగింపును, తీఁగల కలయికను పరీక్షింపవలెను. అటుపిమ్మట మంచి స్పీకరు. చిట్టచివరనే పెద్ద ఆంప్లిఫయరు. వ్యయము తక్కువైనది ముందును, ఎక్కువైనది వెనుకను వచ్చుట గమనింపుఁడు.

తల్లిదండ్రులకును ఒక మనవి. బండి లేని పిల్లవానికిని చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోనులు ఉండవచ్చును. డెసిబెలుల లెక్క వానికిని ఇదియే. స్పీకరు చెడినచో అంగడిలో మఱియొకటి దొరకును. చెవికి బదులు చెవి యే యంగడిలోను దొరకదు.