దూరప్రాంతపు కళాశాలకు రైలుప్రయాణము

1830వ సంవత్సరము మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరిరి. వారు మరల ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీన. పల్లకీలు, బోయీలు, గుడారములు, వంటసామగ్రి, వెంట పెద్ద పరివారము, ఇంత సన్నాహముతో పదునైదు నెలలకు పైగా జరిగిన యాత్ర యది. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుకొనుచుండిన దినములవి. నేడు విజయవాడలో బండి యెక్కిన విద్యార్థి ఒక పగలు, ఒక రాత్రి, మఱికొన్ని గంటలలో ఢిల్లీ చేరుచున్నాడు. దారి సులభమైనది. కాని సన్నాహము అక్కఱలేదని తలంచుట మాత్రము పొరపాటు. వీరాస్వామయ్యగారు నెలల తరబడి చేసిన యేర్పాట్లను మనము కొన్ని దినములలో చేయవలసియున్నది, అంతే భేదము.

మన పాఠశాలలో చదివి, పిమ్మట ఇంటర్మీడియెటు ముగించుకొని, దూరప్రాంతపు కళాశాలలకు పోవువారు ఏటేట పెరుగుచున్నారు. వారిలో ననేకులు తమ యింటినుండి అంతదూరము పోవుచున్న మొదటివారు. వారి తలిదండ్రులు మాయొద్దకు వచ్చి, ఏమి కొనవలెను, ఏమి కట్టవలెను, ఏమి జాగ్రత్తపడవలెను అని యడుగుచుందురు. ఆ ప్రశ్నలకు సమాధానముగా మాకు తెలిసిన సంగతులను ఇచ్చట క్రమముగా వ్రాయుచున్నాము.

1. టిక్కెట్టు

రైలుబండిలో చోటును ప్రయాణదినమునకు 60 దినములు ముందునుండి రిజర్వు చేసికొనవచ్చును. పూర్వమీ గడువు 120 దినములుగా నుండెను. 2024 నవంబరు 1వ తేదీనుండి తగ్గించిరి. కళాశాలలో చేరవలసిన తేదీ చాల ముందుగా తెలియుట అరుదు. కావున తేదీ తెలిసిన దినముననే టిక్కెట్టు కొనవలెను. రేపు చూతమని యుండరాదు. బండి బయలుదేరు దినమునకు ముందటి దినమున తత్కాలు టిక్కెట్లు ఇత్తురు. అవి ఏ.సి. తరగతులకు ఉదయము 10 గంటలకు, స్లీపరు తరగతికి 11 గంటలకు మొదలగును. కొన్ని నిమిషములలోనే అవి ముగిసిపోవుటయు కలదు. తత్కాలును చివరి యాసరాగా నుంచుకొనవలెను గాని దానినే నమ్ముకొని కూర్చుండరాదు.

టిక్కెట్టుపై నున్న గుర్తులను చదువనేర్వవలెను. కన్ఫర్ము అనగా పడక నిశ్చయమైనదని. ఆర్.ఏ.సి. అనగా కూర్చుండుటకు చోటున్నదని. ప్రక్కనుండు క్రింది పడకను ఇద్దఱు పంచుకొనవలెను. వెయిటింగు లిస్టు అనగా చోటు లేదని. ఇంటర్నెట్టు ద్వారా కొన్న టిక్కెట్టు చార్టు సిద్ధమగువేళకును వెయిటింగు లిస్టులోనే యున్నచో దానంతట నదియే రద్దై సొమ్ము తిరిగివచ్చును. ఆ టిక్కెట్టుతో బండి యెక్కుట టిక్కెట్టు లేక యెక్కుటయే యగును.

పడక సంఖ్యను బట్టి స్థానము తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క కలదు. స్లీపరు, మూడంతస్తుల ఏ.సి. పెట్టెలలో ఎనిమిదేసి పడకలు ఒక గది. సంఖ్యను 8చే భాగింపుడు. శేషము 1 గాని 4 గాని యైనచో క్రింది పడక. 2 గాని 5 గాని యైనచో నడిమి పడక. 3 గాని 6 గాని యైనచో పై పడక. 7 ప్రక్క క్రిందిది. శేషము లేనిచో ప్రక్క పైది. ఉదాహరణమునకు 43ను 8చే భాగించిన శేషము 3; కావున అది పై పడక. ఒంటరిగా మొదటిసారి పోవువానికి పై పడకయే మేలు. పగలైనను పండుకొనవచ్చును, చేతిసంచిని తలక్రింద నుంచుకొనవచ్చును.

2. తేదీయు, స్టేషనును

ఈ భాగమును విద్యార్థులు రెండుమాఱులు చదువవలెనని కోరుచున్నాము.

మన పంచాంగములో దినము సూర్యోదయముతో మొదలగును. రైల్వేవారి దినము అర్ధరాత్రితో మొదలగును. వారు గడియారమును 24 గంటలుగా లెక్కింతురు. రాత్రి పండ్రెండు దాటిన యిరువది నిమిషములకు వచ్చు బండికి 00.20 అని వ్రాయుదురు. టిక్కెట్టుపై 18వ తేదీ 00.20 అని యున్నచో, 17వ తేదీ రాత్రి భోజనము చేసి స్టేషనుకు పోవలెను.

మా యెఱుకలోని యొక బాలుడు ఈ సంగతి తెలియక 18వ తేదీ రాత్రి పదునొకండు గంటలకు స్టేషను చేరెను. తండ్రి కౌలురైతు, రెండు గేదెలనమ్మి రుసుము కూర్చినవాడు. తల్లి, చెల్లెలు, మేనమామ సాగనంపవచ్చిరి. బండి ముందటిరాత్రియే పోయినదని విచారణ కిటికీలోని యుద్యోగి చెప్పినపుడు వారికి మొదట అర్థము కాలేదు. మఱునాడు జనరల్ పెట్టెలో నిలుచుండి బయలుదేరెను గాని, అతడు చేరునప్పటికి ప్రవేశపు గడువు మునుపటి సాయంకాలమే ముగిసియుండెను. చోటు మఱియొకరికి పోయెను. ఒక సంవత్సరము వృథాయయ్యెను. బాలుడు సోమరి కాడు, తండ్రి అజాగ్రత్తపరుడు కాడు. టిక్కెట్టుపై నున్న రెండు సున్నల యర్థమును వారికెవ్వరును చెప్పియుండలేదు. చెప్పవలసినవారిలో మేమును ఉన్నాము.

ఇందువలన నేర్చుకొనవలసినది మఱియొకటి కలదు. గడువునకు కనీసము రెండు దినములు ముందుగా చేరునట్లు ప్రయాణము కట్టుకొనవలెను. బండి ఆలస్యమగుట వింత కాదు. వానకాలమున మఱింత సహజము.

స్టేషను పేరును గూడ జాగ్రత్తగా చదువవలెను. ఢిల్లీ పోవు బండ్లన్నియు ఒకేచోట ఆగవు. న్యూఢిల్లీ, పాతఢిల్లీ, హజ్రత్ నిజాముద్దీన్, ఆనంద్ విహార్ వేఱువేఱు స్టేషనులు. చెన్నైలో సెంట్రలు, ఎగ్మూరు వేఱు. మన హైదరాబాదులోనే నాంపల్లి, సికిందరాబాదు, కాచిగూడ, లింగంపల్లి కలవు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినలు వీనికి తోడైనది. పూర్వము హౌరానుండి నడచిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు షాలిమార్ నుండి బయలుదేరుచున్నది. పది సంవత్సరముల క్రిందట ప్రయాణము చేసిన బంధువు చెప్పిన మాటను గాక, మీ టిక్కెట్టుపై నున్న పేరును నమ్ముడు.

3. పత్రములు

టి.సి., మార్కుల జాబితాలు, పదవ తరగతి ధ్రువపత్రము, ఆధారు కార్డు, ప్రవేశపు ఉత్తరువు, ఫోటోలు - వీనిని ఒక ప్లాస్టికు సంచిలో నుంచి, ఆ సంచిని చేతిసంచిలో నుంచి, ఆ చేతిసంచిని శరీరమునకు ఎడము కానీయక ఉంచుకొనవలెను. పెద్దపెట్టెలో నెన్నడును ఉంచరాదు. ప్రతి పత్రమునకు మూడు నకళ్లు తీసి, ఒకటి ఇంటియొద్ద, ఒకటి పెద్దపెట్టెలో, ఒకటి చేతిసంచిలో ఉంచుడు. ఫోనులో ఛాయాచిత్రములు తీసికొని ఇంటివారికిని పంపుడు. వేఱు రాష్ట్రపు విశ్వవిద్యాలయములో చేరువారిని మైగ్రేషను సర్టిఫికెట్టు అడుగుట కలదు. దానికై ముందే దరఖాస్తు చేయవలెను.

వెనుకబడిన తరగతులవారు ఒక విషయమును మఱువరాదు. మన రాష్ట్రములో చెల్లు బి.సి. ధ్రువపత్రము వేఱు, కేంద్ర విద్యాసంస్థలు కోరు ఓ.బి.సి. నాన్‌క్రీమీలేయరు పత్రము వేఱు. ఆ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీగాని తరువాతగాని ఇచ్చిన పత్రమునే పెక్కు సంస్థలు అంగీకరించును. మీసేవలో దరఖాస్తు పెట్టిన పిమ్మట పత్రము చేతికి వచ్చుటకు కొన్ని దినములు పట్టును. ప్రవేశపు ఉత్తరువు వచ్చిన తరువాత తాసీల్దారు కచేరి చుట్టును తిరుగుటకన్న, వేసవిలోనే తెచ్చుకొనుట మేలు.

4. సామాను

స్లీపరు తరగతిలోను, మూడంతస్తుల ఏ.సి.లోను ఒక్కొక్కరికి 40 కిలోల సామాను ఉచితము. జనరల్ పెట్టెలో 35 కిలోలు. కాని రైల్వేవారి లెక్కకన్న మీ చేతుల లెక్క ముఖ్యము. మీరొక్కరే మోసికొని వంతెనమెట్లు ఎక్కి దిగగలిగినంతయే మీ సామాను. బయలుదేరుటకు ముందుదినమున పెట్టెను చేతబట్టుకొని వీథిచివఱకు పోయిరండు. ఎక్కువైనది ఏదియో తెలియును.

బకెట్టు, పఱుపు, దిండు అచ్చటనే దొరకును. జూలై, ఆగస్టు నెలలలో ఉత్తరాదికి పోవువారు ఉన్నిదుస్తులు మోయనక్కఱలేదు. చలి రాకముందే అచ్చటి యంగళ్లలో కొనవచ్చును. ఇంటినుండి తప్పక తీసికొనిపోవలసినవి కొన్ని జతల బట్టలు, దుప్పటి, తాళముతోడి గొలుసు, వాడుక మందులు, సూది దారము.

ఆవకాయను గూర్చి ఒక మాట. తల్లి పెట్టెలో సర్దిన ఆవకాయను వద్దనువాడు ఎవడును లేడు. కాని ఒక విద్యార్థి జాడీని బట్టల నడుమ, పత్రములను జాడీప్రక్కను ఉంచెను. దారిలో మూత వదలి నూనె కాఱెను. ఇంటర్మీడియెటు మార్కుల జాబితా ఎఱ్ఱబాఱి, సంఖ్యలు చదువరాక, క్రొత్త ప్రతికై అతడు రెండు నెలలు ఉత్తరములు వ్రాయవలసివచ్చెను. ఊరగాయను గట్టిమూత గల ప్లాస్టికు డబ్బాలో నింపి, మూతచుట్టు టేపు చుట్టి, రెండు సంచులలో కట్టి, వేఱుగా ఉంచవలెను.

5. బండిలో

పులిహోర, చపాతీలు, వేఱుసెనగపప్పు ఒక దినము నిలుచును. పెరుగన్నమును మొదటిపూటనే తినవలెను. అపరిచితులు ప్రేమతో ఇచ్చినను తినుబండారములు తీసికొనరాదు. మత్తుమందు కలిపి దోచుకొనిన యుదంతములు కలవు. వద్దనుటలో మర్యాద తప్పదు. ఇప్పుడే తింటినని చెప్పిన చాలును.

రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు నిద్రాసమయము. ఆ వేళలో నడిమి పడకవాడు తన పడకను ఎత్తి వేసికొనవచ్చును, క్రిందివాడు కాదనరాదు. తక్కినవేళ క్రింది పడక అందఱును కూర్చుండుటకు. పెట్టెను సీటుక్రింది కమ్మికి గొలుసుతో కట్టుడు. ద్వారమున కూర్చుండి కాళ్లు వ్రేలాడవేయుట, కిటికీయొద్ద చేయి చాపి ఫోను మాటలాడుట ప్రాణమునకును సొమ్మునకును చేటు. కదలుచున్న బండి యెక్కరాదు. నీళ్లకై దిగినవారు కూత వినక ముందే లోపలికి రావలెను. తగిన కారణము లేక ప్రమాదపు గొలుసు లాగినవారికి 1989 రైల్వే చట్టము ప్రకారము ఒక యేడాది వఱకు ఖైదుగాని, వేయి రూపాయల వఱకు జరిమానాగాని, రెండును గాని విధింపవచ్చును. ఆపద కలిగినచో 139 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితిమని ప్రయాణమంతయు భయముతో గడపవద్దు. కిటికీలోనుండి చూడుడు. మంచిర్యాలకు ముందు గోదావరి, నర్మదాపురమునొద్ద నర్మద, మొరేనా ధోల్పూరుల నడుమ చంబలు కనబడును. బల్లార్షా చేరగానే పలకమీది లిపి మాఱును. మీరు మహారాష్ట్రమున నున్నారు. తరగతిలో పటముపై గీచిన గీతలు అప్పుడు ప్రాణము పోసికొనును.

6. చేరిన తరువాత

స్టేషను వెలుపల ప్రీపెయిడు ఆటో గాని టాక్సీ గాని యున్నచో దానినే యెక్కుడు. డబ్బును రెండుచోట్ల ఉంచుకొనుడు. గది చేరిన వెంటనే ఇంటికి ఫోను చేయుడు. పైతరగతివారు పరిచయమను పేర అవమానపఱచినచో సహింపనక్కఱలేదు. ర్యాగింగును 2009వ సంవత్సరపు యు.జి.సి. నిబంధనలు నిషేధించినవి. 1800-180-5522 సంఖ్యకు ఏ వేళనైనను ఫిర్యాదు చేయవచ్చును.

మొదటి రెండు మూడు వారములు ఇల్లు జ్ఞాపకము వచ్చును, అన్నము రుచింపదు, భాష వంటబట్టదు. అది బలహీనత కాదు. ఇంచుమించు అందఱికిని కలుగునదే. ఆ దినములలో తిరిగివత్తుమని నిశ్చయము చేసికొనక, ఒక నెల ఓపికపట్టుడు.

7. తలిదండ్రులకు మనవి

టిక్కెట్టును మీరును ఒకమాఱు చదువుడు. చదువరానిచో మాయొద్దకు తెండు. సంకోచపడవద్దు. పాఠశాల విడిచిన బిడ్డలైనను మాకు బిడ్డలే.

పైన చెప్పిన కౌలురైతు కుమారుడు మఱుసటి సంవత్సరము మరల పరీక్ష వ్రాసి, చోటు సంపాదించి, గడువునకు మూడు దినములు ముందుగా కళాశాల చేరెను. గడచిన సెలవులలో వచ్చినప్పుడు, తన పేరు వ్రాయవద్దనియు, తన పొరపాటును మాత్రము తప్పక వ్రాయవలెననియు మమ్ము కోరెను. అతని కోరిక మేరకే ఈ వ్యాసము వ్రాసితిమి. మీ టిక్కెట్టుపై రెండు సున్నలు కనబడినప్పుడు ఆ బాలుని తలచుకొని, ముందటిరాత్రియే స్టేషనుకు బయలుదేరుడు.