గుండె ఆపరేషన్‌లో బీపీ కాసే కొలువులు

గుండె ఆపరేషన్ అనగానే అందరికీ సర్జనే గుర్తొస్తారు. రోగి తల దగ్గర నిలబడి గంటల తరబడి బీపీని కాచుకునే మత్తు డాక్టరు పేరు చాలాసార్లు ఇంటివాళ్లకు కూడా తెలియదు. బైపీసీ చదివేవాళ్లు ఆ చోటు వైపు ఓసారి చూడాలి.

ఛాతీ ఎముక కోసేటప్పుడు రోగికి స్పృహ లేకపోయినా ఒళ్లు ఊరుకోదు, బీపీ ఎగబాకుతుంది. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ లాంటి పీల్చే మత్తుమందులు కాస్త పెంచితే రక్తనాళాలు సడలి బీపీ దిగుతుంది. మహాధమనిలో గొట్టం పెట్టేముందు పై బీపీని 100 దరిదాపుల్లోకి తెస్తారు, లేకపోతే నాళం గోడ చీలే ప్రమాదం. మరీ దించితే మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం చాలదు. డెస్‌ఫ్లూరేన్‌ది ఇంకో పేచీ: గబుక్కున పెంచితే బీపీ తగ్గకపోగా పెరగొచ్చు. అందుకే మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీని తెరమీద చూస్తుంటారు.

గుండె, ఊపిరితిత్తుల పనిని హార్ట్-లంగ్ మెషిన్ అందుకున్నాక ఊపిరితిత్తులకు విరామం. మరి పీల్చే మందు ఎలా? ఆ యంత్రంలో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగానికి వెళ్లే గాలిలోనే కలుపుతారు. అప్పుడు మత్తు డాక్టరు సూచనతో, మందును ఆవిరిగా కలిపే వేపరైజర్‌ను తిప్పేది చాలాచోట్ల ఆ యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టే. ఈ కొలువుకు ఎంబీబీఎస్ అక్కర్లేదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

డాక్టరుగా వెళ్లాలంటే దారి పొడుగు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు, ఎండీ అనస్థీషియా 3, డీఎం కార్డియాక్ అనస్థీషియా మరో 3. మధ్యలో పెద్ద పరీక్షలు. డీఎంకు ఢిల్లీ ఎయిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర పేరున్న చోట్లు.

అంత ఓపిక లేదంటే ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ పెర్ఫ్యూజన్ టెక్నాలజీ, లేదా అనస్థీషియా టెక్నాలజీ. తిరుపతి స్విమ్స్‌లో ఇవి ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టేముందు ఒకటే అడగండి: అనుబంధ ఆస్పత్రిలో నెలకు ఎన్ని ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు జరుగుతాయి? సూటిగా జవాబు రాకపోతే వదిలేయడమే మేలు. యంత్రం పక్కన నిలబడకుండా ఈ పని ఎవరికీ అబ్బదు. ఈ కోర్సులనూ కొలువులనూ నియంత్రించేందుకు 2021లో జాతీయ చట్టం వచ్చింది, కాబట్టి రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.