వాద్యయంత్రం వెనుక సాధన

పాఠ్యాంశ ఉద్దేశం: శాస్త్ర విజ్ఞానం సంగీత రంగంలో తెచ్చిన మార్పును, ఆ మార్పు కళాకారుల జీవనోపాధిపై చూపిన ప్రభావాన్ని, యంత్రం ఎంత ఎదిగినా తరగని సాధన విలువను విద్యార్థులకు తెలియజేయడం.

చెంగాళమ్మ తల్లి కొలువైన సూళ్లూరుపేట నుంచి రెండు ముఖ్యమైన దారులు బయలుదేరుతాయి. తూర్పున పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు సాగే దారి ఒకటి. దక్షిణాన చెన్నపట్నానికి పోయే రైలుదారి మరొకటి. 1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ప్రయోగం జరిగిన నాటి నుంచి మొదటి దారి ఎలక్ట్రానిక్ విజ్ఞానానికి గుర్తుగా నిలిచింది. సుమారు 80 కిలోమీటర్ల పొడవైన రెండవ దారి అంతకు ఎంతో ముందునుంచే కళాకారుల దారి. కోస్తా జిల్లాల నుంచి అవకాశాలను వెదుకుతూ మద్రాసు చేరిన తెలుగు గాయకులు, వాద్యకారులు ఎందరో ఈ మార్గంలోనే ప్రయాణించారు. నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణంలో రాకెట్ విజ్ఞానం గురించి తెలియని విద్యార్థి ఉండడు. అదే ఎలక్ట్రానిక్ విజ్ఞానం సంగీతంలో ప్రవేశించి ఒక కొత్త వృత్తిని ఎలా సృష్టించిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ వృత్తిలో ఉన్నవారిని మ్యూజిక్ ప్రొడ్యూసర్ అంటారు. ఈ మాట విని చలనచిత్ర నిర్మాతతో పొరబడరాదు. చలనచిత్ర నిర్మాత ధనాన్ని సమకూరుస్తాడు. మ్యూజిక్ ప్రొడ్యూసర్ ధ్వనిని సమకూరుస్తాడు. బాణీకి తగిన వాద్యాలను ఎన్నుకోవడం, లయను నిర్ణయించడం, విడివిడిగా ముద్రించిన ధ్వనులను తూకం తప్పకుండా కలిపి పాటకు తుదిరూపం ఇవ్వడం అతని పని.

ఈ పనికి ప్రధాన సాధనం సింథసైజర్. ఇందులో డోలకం విద్యుత్ ప్రకంపనాలను పుట్టిస్తుంది. వడపోత వాటిలో అక్కరలేని పౌనఃపున్యాలను తొలగిస్తుంది. మరొక భాగం ధ్వని ఎంత వేగంగా పైకి లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా అణగిపోవాలో నిర్ణయిస్తుంది. ఈ మూడింటి కలయికను మార్చడం ద్వారా ఒకే యంత్రం నుంచి వేణువును పోలిన నాదాన్నీ, ప్రకృతిలో ఎక్కడా వినరాని నాదాన్నీ పుట్టించవచ్చు. అమెరికాకు చెందిన రాబర్ట్ మోగ్ 1964లో రూపొందించిన సింథసైజర్ ఈ రంగంలో మైలురాయి. 1969లోనే అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీతశాల వెలసింది. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది హిందుస్తానీ రాగాలను ఎలక్ట్రానిక్ యంత్రాల మీద వాయించి ఒక సంపుటిని వెలువరించాడు. ఆనాడు అంతగా ఆదరణ పొందని ఆ సంపుటిని దాదాపు మూడు దశాబ్దాల తరువాత ప్రపంచ శ్రోతలు ఆశ్చర్యంతో ఆలకించారు.

1983లో మిడి అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. దీనితో వేర్వేరు సంస్థలు తయారుచేసిన యంత్రాలు ఒకదానితో ఒకటి అనుసంధానం పొందగలిగాయి. మిడి మోసుకుపోయేది ధ్వనిని కాదు, ఆజ్ఞలను. ఏ మీటను, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కాలన్న సమాచారమే అందులో ఉంటుంది. ఆ ఆజ్ఞలను ముందుగా కూర్చి పెట్టడాన్నే ప్రోగ్రామింగ్ అన్నారు. మద్రాసు రికార్డింగ్ స్టూడియోలలో కీబోర్డు ప్రోగ్రామర్ అనే కొత్త ఉద్యోగి ఇలా ఆవిర్భవించాడు.

ఈ మార్పు ఫలితం అందరికీ ఒకే విధంగా అందలేదు. అంతకు ముందు ఒక పాట ముద్రణకు పదుల సంఖ్యలో వాద్యకారులు ఒకేచోట కూర్చొనేవారు. ఆ వేతనంతోనే వారి కుటుంబాలు గడిచేవి. ఒక కీబోర్డు నుంచి వయొలిన్ బృందం ధ్వని, మరొక యంత్రం నుంచి మద్దెల దరువు వినిపించడం మొదలైన తరువాత ఆ కుర్చీలు క్రమంగా తగ్గాయి. యంత్రం కొందరికి కొత్త జీవనోపాధిని చూపింది, కొందరి జీవనోపాధిని హరించింది. ఈ రెండు సత్యాలనూ కలిపి చూసినప్పుడే ఆ కాలం మనకు అర్థమవుతుంది.

తండ్రి వాయించిన వాద్యం నుంచి కుమారుడు యంత్రానికి మారిన కుటుంబాలు తెలుగువారిలో ఉన్నాయి. 1964లో మచిలీపట్నంలో జన్మించిన మణిశర్మ తండ్రి వయొలిన్ విద్వాంసుడు. ఆ కుటుంబం మద్రాసులో స్థిరపడింది. కర్ణాటక, పాశ్చాత్య సంగీతాలను అభ్యసించిన మణిశర్మ కీబోర్డును ఎన్నుకొని రాజ్-కోటి, కీరవాణి మొదలైన సంగీత దర్శకుల వద్ద పనిచేశారు. తన సొంత పేరుతో స్వరరచన చేసే అవకాశం 1992 ప్రాంతంలో లభించినా, 1998లో వచ్చిన 'చూడాలని ఉంది' చిత్రంతోనే ఆయన అగ్రశ్రేణిలో నిలిచారు. యంత్రం మీద సంవత్సరాల తరబడి పనిచేసిన ఆ సంగీతకారుణ్ణి అభిమానులు 'మెలోడీ బ్రహ్మ' అని పిలుచుకోవడం గమనింపదగిన విషయం. యంత్రం మాధుర్యానికి శత్రువు అన్న వాదానికి ఇంతకంటె మంచి సమాధానం లేదు.

మణిశర్మ వద్ద పనిచేసినవారిలో తమన్ ఒకరు. ఆయన వంశమూలాలు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. 'శ్రీ సీతారామ జననం' (1944), 'బాలరాజు' (1948) చిత్రాలకు దర్శకత్వం వహించిన ఘంటసాల బలరామయ్యకు ఆయన మనుమడు. ప్రసిద్ధ గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు, బలరామయ్య వేర్వేరు వ్యక్తులని విద్యార్థులు గుర్తించాలి. తమన్ తండ్రి శివకుమార్ డ్రమ్స్ వాద్యకారుడు, తల్లి సావిత్రి గాయని. 1983లో జన్మించిన తమన్ బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. తోటి పిల్లలు ఆటపాటలలో మునిగి ఉండే వయస్సులో ఆయన రికార్డింగ్ గదిలో వాద్యకారుడయ్యారు. 1994లో విడుదలైన 'భైరవద్వీపం' చిత్రానికి డ్రమ్స్ వాయించారు.

ఆ తరువాత పలువురు సంగీత దర్శకుల వద్ద వాద్యకారుడిగా, లయ ప్రోగ్రామర్‌గా ఆయన పనిచేశారు. 2009లో 'కిక్' చిత్రంతో సంగీత దర్శకునిగా ప్రేక్షకుల దృష్టిని ఆకర్షించారు. బాలునిగా డ్రమ్స్ ముందు కూర్చున్న నాటికీ, తెరపై తన పేరు ప్రత్యేకంగా కనిపించిన నాటికీ మధ్య పదిహేనేళ్ళు గడిచాయి. 2020 జనవరిలో విడుదలైన 'అల వైకుంఠపురములో' చిత్రంలోని పాటలకు ఆయన ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ పురస్కారం పొందారు. 2022లో ఆ పురస్కార ప్రదానం జరిగింది.

ఈ జీవితాలలో మనం చూడవలసింది పురస్కారాలను మాత్రమే కాదు, వాటికి ముందు గడిచిన అజ్ఞాత సంవత్సరాలను. పరుల బాణీకి రూపమివ్వడంలో శ్రమ తనది, పేరు వేరొకరిది. అయినా ఒక పాటలో ఏ స్వరం ఎక్కడ ఆగాలో, ఏ వాద్యం ఎప్పుడు మౌనం వహించాలో అక్కడే తెలుస్తుంది. పూర్వం గురుకులంలో శిష్యుడు చేసిన శుశ్రూషకు ఇది ఆధునిక రూపం.

యంత్రానికి ఒక పరిమితి కూడా ఉంది. కీబోర్డులో ఒక్కొక్క స్థాయికి పన్నెండు మీటలుంటాయి. మన సంగీతానికి ప్రాణమైన గమకం ఆ మీటల నడుమ పలుకుతుంది. స్వరాన్ని వంచడానికి కీబోర్డు పక్కన ఒక చిన్న చక్రం అమర్చారు. దాన్ని ఎంత తిప్పాలో యంత్రం చెప్పలేదు, రాగం తెలిసిన చెవి చెప్పాలి. కనుక యంత్రాన్ని నేర్చినవాడు కూడా రాగాన్ని నేర్వక తప్పదు.

ఒకప్పుడు లక్షల రూపాయల యంత్రాలు చేసిన పనిని నేడు ఒక సామాన్యమైన కంప్యూటర్ చేయగలదు. సూళ్లూరుపేటలోని ఒక విద్యార్థి తన ఇంట్లోనే పాటను కూర్చి ప్రపంచానికి వినిపించవచ్చు. అందుకోసం మద్రాసు రైలు ఎక్కవలసిన అవసరం లేదు. కాని ఆ రైలు ఎక్కినవారికి దొరికిన ఒక భాగ్యాన్ని అతడు ప్రయత్నపూర్వకంగా సంపాదించుకోవాలి. తప్పును వెంటనే పట్టుకొని దిద్దే పెద్దవారి సన్నిధే ఆ భాగ్యం. సమీపంలోని నాదస్వర విద్వాంసుడు, భజన బృందంలో మృదంగం వాయించే వృద్ధుడు, పాఠశాలలోని సంగీతోపాధ్యాయిని ఎవరైనా అతనికి గురువులు కాగలరు. వారి వాద్యాన్ని ముద్రించి, తగిన ప్రతిఫలమిచ్చి, తన రచనలో వారి పేరు చేర్చినప్పుడు యంత్రం తొలగించిన కుర్చీలలో ఒకటైనా తిరిగి నిండుతుంది. ఈ తరం సంగీతకారులు తీర్చవలసిన ఋణం ఇది.

కఠిన పదాలు - అర్థాలు

డోలకం : క్రమబద్ధమైన ప్రకంపనాలను పుట్టించే సాధనం
పౌనఃపున్యం : ఒక సెకనులో జరిగే ప్రకంపనాల సంఖ్య
గమకం : స్వరాన్ని కదిలించి పలికించే విధానం
అజ్ఞాతం : తెలియబడనిది
శుశ్రూష : సేవ
సన్నిధి : సమీపం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఎలక్ట్రానిక్ యంత్రాల రాకతో వాద్యకారుల జీవనంలో కలిగిన మార్పులను వివరించండి.
2. తమన్ సంగీత ప్రస్థానాన్ని పాఠం ఆధారంగా వ్రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సింథసైజర్ పనిచేసే విధానాన్ని తెలపండి.
2. యంత్రాన్ని నేర్చినవాడు కూడా రాగాన్ని ఎందుకు నేర్వాలి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మిడి పద్ధతి ఏ సంవత్సరంలో వచ్చింది?
2. మణిశర్మను అభిమానులు ఏమని పిలుచుకుంటారు?